ఎస్కేప్ మీద వదిన పందెం

"డ్యామ్ కంప్యూటర్లు ముఠా చేతికి చిక్కాయి. సరిగ్గా ఆరుకి గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి," అన్నాడు చీఫ్. "కింద ఊరుంది. ఖాళీ చేయించే టైం లేదు."

ఆ ఊళ్లోనే ఏజెంట్ అన్నగారి ఇల్లు. అన్న, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. వదిన మాత్రం డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో కంప్యూటర్ స్క్రిప్టులు రాస్తోంది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ వేళ్లు ఆగలేదు.

బుల్లి వైర్‌లెస్ కీబోర్డొకటి మరిది చేతిలో పెట్టింది. "దీంతో ఉత్తరాలు రాయకు. ఒక్కో కీకి ఒక్కో స్క్రిప్టు పెట్టాను. గేట్లకు తాళం వేసేది ఎస్కేప్."

"అదేంటి వదినా, ఎస్కేప్ ఆపడానికి కదా?"

"వాళ్లూ అలాగే అనుకోనీ. నీ వేళ్ల సంగతి నాకు తెలుసు. గురి తప్పితే పక్కనే ఎఫ్ వన్. డేటా చెరిగిపోతోందని ఉత్తుత్తి బెదిరింపు."

ముఠా మకాం హోటల్ పై అంతస్తులో. నాయకుడి ల్యాప్‌టాప్‌లో ఆ స్క్రిప్టులు ఎక్కించి, గోరంత రిసీవర్ గుచ్చిన మనిషి ముత్యం. చూపు తిప్పుకోనివ్వని అందం, డబుల్ ఏజెంట్. అసలు ఎవరి మనిషో చీఫ్‌కే అనుమానం.

వెయిటర్ వేషంలో ఏజెంట్ టీ ట్రాలీ తోసుకెళ్లాడు. కీబోర్డు నాప్‌కిన్ కింద ఉంది.

"చక్కెర వద్దు," అంది ముత్యం. రిసీవర్ పనిచేస్తోందని కోడ్.

"చేతులెత్తు!" నాయకుడి పిస్టల్ ఏజెంట్ కణతకు తగిలింది. "వెయిటర్ బూట్లకి ఇంత పాలిషా?"

చేతులెత్తే లోపు ఏజెంట్ నాప్‌కిన్ కింద గుడ్డిగా ఒక కీ నొక్కాడు. వేలు జారి ఎఫ్ వన్ మీద పడింది. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఎర్రబడి, డేటా చెరిగిపోతోందని చూపింది.

"ఆపు! లేకపోతే కాల్చేస్తా!"

"కాల్చుకో. కింద మావాళ్లున్నారు. నేను ఆపను."

ముత్యం నాప్‌కిన్ లాగి కీబోర్డు అందుకుంది. "దీన్నించే వస్తోంది, బాస్! తొందరగా ఆపండి!" అంటూ నాయకుడి చేతిలో పెట్టింది. దొంగముండ అమ్మేసిందని ఏజెంట్ ఒళ్లు మండిపోయింది.

కంగారులో నాయకుడి వేలు నేరుగా ఎస్కేప్ మీదకే పోయింది. ఒకసారి కాదు, టకటకా నాలుగుసార్లు.

'గేట్లకు తాళం పడింది' అంది స్క్రీన్. గోడ గడియారం ఆరు కొట్టింది. డ్యామ్ మీద ఒక్క గేటూ కదల్లేదు.

నాయకుడు తేరుకునేసరికి ముత్యం పిస్టల్ అతని మెడ మీద ఉంది. ఏజెంట్ సిగ్గుతో తల దించుకున్నాడు.

కిందనుంచి పోలీసుల బూట్ల చప్పుడు వినిపిస్తుండగా చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఆ కీ నొక్కినవాడికి పతకం ఇప్పిస్తాను."

"అయితే ఆ పతకం జైలుకే పంపండి సార్," అన్నాడు ఏజెంట్.