బూడిద చేసెయ్యి

మా ఆయనకి రంగుల సంగతి పట్టదు. పాప గది గోడకి పెయింటరు పక్కపక్కనే రెండు పట్టీలు వేసి చూపిస్తే, "రెండూ ఒకటే కదే!" అనేశారు. ఒకటి నీలం కలిపిన బూడిద రంగు, రెండోది ఉత్త బూడిద రంగు. ఒకటెలా అవుతాయి? "కళ్ళజోడు పెట్టుకుని చూడండి మహానుభావా!" అని విసుక్కున్నాను.

పెయింటరు నవ్వాడు. "పొద్దువాలాక ఇంకోసారి చూసి చెప్పండమ్మా. వెలుతురు తగ్గితే గానీ అసలు రంగు తెలీదు. ఇంకోమాట... మేం దీన్ని పొగ రంగు అంటాం. బూడిద అనం. గోడలకి చెవులుంటాయి."

"ఉంటే ఉండనీవయ్యా, నోరు లేదు కదా!" అన్నాను. నా నోటికి హద్దెక్కడిది!

సాయంత్రం ఆయన పాలకని వెళ్ళారు. ఆడి ఆడి అలిసిపోయి పాప ఆ గోడవారే పరుపు మీద నిద్రపోయింది. బాత్రూంలో కుళాయి చప్పుడు. పెయింటరు బ్రష్షులు కడుగుతున్నాడనుకున్నాను. పచ్చి పెయింటు వాసన ముక్కుకి పట్టేసింది. కిటికీలో వెలుతురు సన్నగిల్లేకొద్దీ నీలం పోయి, రెండు పట్టీలూ ఒక్కలాగే అయిపోయాయి. నాకు చిరాకెత్తింది.

కుళాయి ఆగింది.

"ఏది చేద్దామమ్మా?" వెనకనించి గొంతు, బాగా మెల్లగా.

నేను తిరిగి చూడలేదు. "బూడిదే."

"గదంతానా?"

"ఆ. మొత్తం బూడిద చేసెయ్యి."

"లోపల ఉన్నవన్నీ?"

"అన్నీనయ్యా! ప్రాణం తియ్యకు!"

అప్పుడే ఫోను మోగింది. పెయింటరు. "అమ్మా, బ్రష్షు అరిగిపోయిందని ఇందాకే షాపుకొచ్చాను. ఏ రంగు డబ్బా తెమ్మంటారు?"

వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఎవరూ లేరు.

వెంట్రుకలు కాలిన వాసన...

గోడ మీది బూడిద పట్టీ కిందికి జారుతోంది. తడిగా కాదు... పొడిపొడిగా, రాలుతూ. ఎక్కడ తాకితే అక్కడ గోడ వెలవెలబోతోంది. నేరుగా పరుపు వైపు... పాప వైపు...

"వద్దు! నీలం... నీలం కలిపిందే కావాలి..." నాకే వినపడని గొంతుతో అన్నాను.

"చెప్పేశారు కదమ్మా..." గోడలోంచి గుసగుస.

పాపని లాక్కుని చంకనేసుకున్నాను. చెప్పుల్లేకుండానే మెట్లు దిగి రోడ్డు మీద పడ్డాను.

మా ఆయన వెళ్ళి చూసొచ్చారు. గోడ చల్లగానే ఉందట. రెండు పట్టీలూ ఎక్కడివక్కడే ఉన్నాయట. "కునుకు పట్టి కల కన్నావేమోనే," అన్నారు. ఆ ఇంట్లో మాత్రం ఉండనన్నాను. మమ్మల్ని మా అక్క వాళ్ళింటికి తీసుకొచ్చారు.

పాప ఇంకా నిద్ర లేవలేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. కుడిచేతికి ఏదో దుమ్ము అంటుకుందని తడిగుడ్డతో తుడిచాను. దుమ్ము పోయింది.

అరచేతిలో ఒక్క గీత కూడా లేదు. వేళ్ళ మడతల దగ్గర కూడా లేదు. అంతా నున్నగా...

పాప ఎడమచెయ్యి గుప్పిట బిగించి ఉంది. విప్పి చూడాలి... నాకు ధైర్యం చాలడం లేదు. ఆ గుప్పిట కాలిపోతోంది.