స్టాపు రాకముందే కేక

నాలుగో అంతస్తు అద్దాలబ్బాయంత గుండెదిటవు గల మనిషి ఆ వీధి మొత్తం గాలించినా దొరకడు. పిడుగు పడినా రెప్ప వేయడు. పులి ఎదురైతే కాస్త పక్కకు జరగమని చెప్పి తన దారిన తాను పోతాడు. నేను గొప్పకు చెబుతున్న మాట కాదిది, ఎవరినైనా అడగండి.

లిఫ్టును మాత్రం అడగకండి.

ఎందుకంటే ఆ రోజు పొద్దున్నే లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ త్రిశంకు స్వర్గంలా నిలిచిపోయినప్పుడు, మన వీరుడు వేసిన కేకకు డాబా మీది పావురాలు లేచిపోయాయి.

"అమ్మా! చచ్చిపోతున్నానే అమ్మా!"

"చచ్చిపోయేవాళ్ళు అంత గట్టిగా అరవలేరండీ," పైనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కణ్ణే!"

"ఒక్కరేనా? చప్పుడు విని పెళ్ళిబృందం అనుకున్నా. ఏ బటన్ నొక్కారు?"

"అన్నీ నొక్కాను!"

"శుభం. ఇంకేం మిగల్లేదుగా? గోడకు ఆనుకుని ఏదైనా పాట పాడుకోండి, వచ్చేస్తున్నా."

"నాకు పాటలు రావు!"

"నా అదృష్టం."

కాసేపటికి లిఫ్టు ముక్కుతూ మూలుగుతూ మూడో అంతస్తుకు పాకింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా నీలిరంగు పనిబట్టల్లో ఒక అమ్మాయి. చేతులకు గ్రీజు, భుజాన పనిముట్ల సంచి, కళ్ళకు దుమ్ము పడకుండా పెట్టుకునే పెద్ద అద్దాలు.

ప్రాణదాతకు ఎవరైనా దండం పెడతారు. కానీ మనవాడు చౌరస్తాలోని కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. పొద్దస్తమానం మనుషుల ముక్కులూ చెవులూ చూసే బతుకు. అందుకని నోటికి వచ్చిందే అనేశాడు.

"మీ కళ్ళజోడు వంకరగా ఉందండీ."

"ప్రాణం కాపాడినందుకు మొదటి మాట ఇదా?"

"అది కాదండీ, ఎడమ కాడ వదులైంది. షాపుకు తెస్తే స్క్రూ బిగించి ఇస్తాను."

ఆమె అతని కాళ్ళ వైపు చూసి నవ్వింది. "ముందు మీ మోకాళ్ళ స్క్రూలు బిగించుకోండి. గడగడలాడుతున్నాయి."

ఆ నవ్వు చూశాక మోకాళ్ళ వణుకు గుండెకు పాకింది. అక్కడి నుంచి కిందికి దిగనే లేదు.

ఆ అమ్మాయి ఎవరో కాదు, మొదటి అంతస్తులో కొత్తగా దిగిన రిటైర్డ్ బస్సు కండక్టరుగారి ఒక్కగానొక్క కూతురు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్.

కండక్టరుగారి గురించి కొంచెం చెప్పాలి. పాత ఇంటి దగ్గర ఆయనకు అరుగు ఉండేది, అరుగు ముందు వీధి ఉండేది, ఇంట్లో చీమ తుమ్మినా వీధికి చెప్పుకునే వీలుండేది. ఈ కొత్త ఇంట్లో ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు. ఇంట్లో ఆవిడ ముప్పయ్యేళ్ళుగా వింటోంది, ఆవిడకు కొత్తగా చెప్పేదేమీ లేదు. కడుపులో వార్తలు, వినేవాళ్ళు లేరు. మూడు రోజులు ఉక్కిరిబిక్కిరైపోయారు. నాలుగో రోజు లిఫ్టు కనిపెట్టారు.

లిఫ్టులో జనం కదలరు, తలుపు మూసుకున్నాక పారిపోలేరు. ఆయనకు బస్సు దొరికినంత సంబరమైంది.

"రండి రండి, లోపలికి జరగాలి, వెనక ఖాళీ ఉంది! ఎన్నో అంతస్తు? మూడా? మా అమ్మాయికి ప్రమోషన్ వచ్చిందండీ!"

ప్రమోషన్ రాలేదు. ఆ సంగతి కంపెనీకే ఇంకా తెలియదు. "ఏంటి నాన్నా ఇది?" అని కూతురు నిలదీస్తే ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే.

"పిచ్చితల్లీ, స్టాపు రాకముందే కేకెయ్యాలి. వచ్చాక కేకేస్తే దిగేవాడు దిగలేడు, ఎక్కేవాడు ఎక్కలేడు. నా సర్వీసంతా అలాగే చేశాను."

"రాని స్టాపుకు కేకేస్తే?"

"బస్సు ఎక్కడికి పోతుందే? రోడ్డు ఒక్కటేగా!"

ఇక షాపు సంగతి. అమ్మాయి కళ్ళజోడు తెచ్చింది. అబ్బాయి స్క్రూ బిగించాడు. రెండు రోజులకు మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించాడు. వారం తిరక్కుండా మళ్ళీ. తన పనితనం మీద అతనికే అనుమానం వచ్చింది. సంచినిండా స్క్రూడ్రైవర్లు మోసే పిల్ల చిన్న స్క్రూ కోసం చౌరస్తా దాకా ఎందుకు నడిచి వస్తోందని మాత్రం అనుమానం రాలేదు. చూపు పరీక్షలు చేసేవాడికి కళ్ళు కనిపించాలని రూలేమీ లేదు కదా.

"మీ చేతిలో బలం లేదండీ," అనేదామె.

"మీ తల పెద్దదండీ," అనేవాడితను.

"దీన్ని మీ షాపులో కస్టమర్ సర్వీస్ అంటారా?"

"కాదు, ఉచిత సలహా."

ఇలా నవ్వుకుంటూనే నెల గడిచింది. ఆమె వచ్చి వెళ్ళిన ప్రతిసారీ "రేపు అడిగేస్తా" అనుకునేవాడు. ఆ రేపు తెల్లారేది కాదు.

ఒక సాయంత్రం లిఫ్టులో ముగ్గురున్నారు. కండక్టరుగారు, మూడో అంతస్తు టీచరమ్మ, మనవాడు. తలుపు మూసుకుందో లేదో కండక్టరుగారు గొంతు సవరించారు.

"టీచరమ్మగారూ, మా అమ్మాయికి సంబంధం కుదిరిపోయింది!"

అబ్బాయి చేతిలోని టిఫిన్ డబ్బా జారి కాలిమీద పడింది.

"మంచి మాట చెప్పారు. అబ్బాయి ఏం చేస్తాడు?" అంది టీచరమ్మ.

"ఏం చేస్తాడా? ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళంతా వచ్చి అతని ముందు చేతులు కట్టుకుని కూర్చుంటారు. చదువు అంటే చదవాలి, ఆపు అంటే ఆపాలి!"

"హెడ్మాస్టరా?"

"అంతకంటే ఎక్కువ!"

"ఎత్తు?"

"ఆరడుగులు. మా గుమ్మంలో వంగి రావాలి. ఇక ధైర్యం అంటారా, ఒకసారి గాలిలో వేలాడుతూ ప్రమాదంలో చిక్కుకుంటే, చిరునవ్వు చెదరలేదు! పదిమందికి ధైర్యం చెప్పి మరీ బయటపడ్డాడు."

"గాలిలోనా? విమానమా?"

"ఇంచుమించు!"

ఇలా అంటూ కండక్టరుగారు అబ్బాయి వైపు కన్ను గీటారు. అతను వృత్తి ధర్మం మరవలేదు. పెద్దాయన కంట్లో నలుసు పడిందేమో, చల్లటి నీళ్ళతో కడుక్కోమని చెబుదామనుకున్నాడు.

లిఫ్టు అద్దంలో తనను తాను చూసుకున్నాడు. అయిదడుగుల నాలుగంగుళాలు. పైన జుట్టు లేచి ఉన్నా లెక్కలోకి రాదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి కుట్టుమిషను దగ్గర కూర్చున్న అమ్మకు అప్పటికే వార్త చేరిపోయింది.

"ఒరేయ్, ఆ కండక్టరుగారి పిల్లకు సంబంధం కుదిరిందట. ఎవరో విమానం నడిపే హెడ్మాస్టరట!"

"తెలుసమ్మా."

"తెలిసి ఏం చేశావురా? ఆ పిల్ల అన్నేసిసార్లు నీ షాపు గుమ్మం తొక్కింది."

"స్క్రూ కోసం వచ్చిందమ్మా."

"ఆ స్క్రూ నీ బుర్రలో ఉండాల్సింది! మొద్దబ్బాయీ, చేతికందిన పిల్లను గాల్లో తిరిగేవాడికి వదిలేశావు కదరా."

మర్నాటి నుంచి మనవాడు లిఫ్టు మానేశాడు. నాలుగంతస్తులూ మెట్లే. ఆ వార్త మళ్ళీ వినే ఓపిక లేదు. ఆమె షాపుకు వస్తే వెనకగదిలో దూరి, లేనని చెప్పించాడు.

అలా ఎన్నాళ్ళు దాక్కుంటాడు? ఒక మధ్యాహ్నం వాన కుండపోతగా కురుస్తుంటే షాపులో ఒక్కడే ఉన్నాడు. తలుపు తోసుకుని ఆమె వచ్చింది. గొడుగు మడవకుండానే మొదలుపెట్టింది.

"లిఫ్టు బాగానే నడుస్తోంది. నేనే సర్వీసు చేశా. మీరు మెట్లెందుకు ఎక్కుతున్నారు?"

"ఆరోగ్యం కోసం."

"నేనొస్తే వెనకగదిలో దాక్కోవడం కూడా ఆరోగ్యం కోసమేనా?"

అతను కౌంటర్ మీద లేని మరకను తుడవడం మొదలుపెట్టాడు. "కంగ్రాచ్యులేషన్స్ అండీ. ఆలస్యంగా చెబుతున్నా, ఏమనుకోకండి."

"దేనికి?"

"మీ పెళ్ళికి."

"ఎవరితో?"

"ఆ ఆరడుగుల పైలట్‌తో."

"ఏ పైలట్? నాకు తెలియకుండా నా పెళ్ళేంటి?"

అప్పుడు అతను లిఫ్టులో విన్నదంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది. "ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు... ఈ నాన్నను!" అని గొడుగు పైకెత్తింది. "పదండి. మీరే సాక్షి."

"నేనెందుకండీ?"

"పదండీ!"

ఒక గొడుగు, ఇద్దరు మనుషులు. ఆమె విసవిసా నడిచింది. అతను సగం తడిసి, సగం మురిసి, తనకు దక్కని పిల్ల పక్కన ఇదే చివరి నడక కాబోలనుకుంటూ వెంటపడ్డాడు. గొడుగు కాడ దగ్గర ఆమె వేళ్ళు అతని వేళ్ళకు తగిలాయి. ఆ కోపంలో ఆమె గమనించలేదు. గమనించలేదనే అతను అనుకున్నాడు.

కండక్టరుగారు కింద లిఫ్టు దగ్గరే ఉన్నారు, టీచరమ్మకు పెళ్ళి భోజనాల విశేషాలు చెబుతూ.

"నాన్నా! ఎవరా ఆరడుగుల మనిషి?"

ఆయన తడబడ్డారు. కూతురిని చూశారు, పక్కనున్న తడిసిన పిల్లిని చూశారు. మెల్లగా వేలు చూపించారు.

"ఇతనే కదే."

అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నేనా? అంకుల్, నేను అయిదడుగుల నాలుగంగుళాలే!"

"నువ్వే బాబూ. చార్టు ముందు కూర్చోబెట్టి అందరిచేతా చదివించేది నువ్వు కాదూ?"

"మరి గాలిలో ప్రమాదం?"

"లిఫ్టులో ఇరుక్కోలేదూ?"

"చిరునవ్వు చెదరలేదా? నేను 'అమ్మా' అని అరిచాను!"

"అది పదిమందికీ వినిపించిందిగా!"

టీచరమ్మ పవిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంత అబద్ధం ఎందుకు నాన్నా?" అంది కూతురు.

"అబద్ధమేముందే?" ఆయన గొంతు తగ్గింది. "రోజూ ఇంటికొచ్చి అతని మాటలే చెప్పేదానివి. సరే, మనవాడే అనుకున్నా. పరాయివాడైతే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. సొంతవాణ్ణి తక్కువ చేసి చెప్పడానికి నోరెలా వస్తుంది?"

అబ్బాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాననీళ్ళే అనుకోమని ముఖం తుడుచుకున్నాడు. కానీ ఆమె కరగలేదు.

"ఊరందరికీ చెప్పావు. నన్ను ఒక్కమాట అడిగావా? ఇతను అడిగాడా? ఈ పెళ్ళి నీకూ లిఫ్టుకూ కుదిరింది, నాకు కాదు."

కండక్టరుగారి తల వాలిపోయింది. అబ్బాయి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతికి వచ్చిందనుకున్నది ఆ క్షణంలోనే జారిపోతోంది.

ఆమె లిఫ్టు తలుపు తెరిచి, "మీరు లోపలికి రండి," అంది అతనితో. తలుపు మూసింది. లిఫ్టు కాస్త పైకి లేవగానే జేబులోంచి తాళంచెవి తీసి తిప్పింది. రెండంతస్తుల నడుమ లిఫ్టు ఆగిపోయింది.

అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఎందుకు ఆపారండీ?"

"కింద మా నాన్న, పైన మీ అమ్మ. నడుమ కేకలేసేవాళ్ళు ఎవరూ లేని చోటు ఇదొక్కటే. ఏమైనా చెప్పేదుంటే చెప్పండి. లేదంటే తాళం తిప్పేస్తా."

గోడ పట్టుకున్నాడు. ఈసారి మాత్రం అరవలేదు.

"నేను ఆరడుగులుండను. షాపు నాది కాదు. నాకు ఈ లిఫ్టంటే ఇప్పుడూ భయమే. అయినా మీరిక్కడ రాత్రిదాకా ఆపుతానన్నా ఉంటాను. నన్ను చేసుకుంటారా?"

ఆమె భుజాన ఉన్న పనిముట్ల సంచి దించి అతని ముందు పెట్టింది.

"ఈ సంచిలో ఎన్ని స్క్రూడ్రైవర్లు ఉంటాయో ఎప్పుడైనా అడిగావా?" అంది.

ఆ 'నువ్వు' పిలుపు అతనికి ముందు వినిపించింది. స్క్రూడ్రైవర్ల సంగతి తర్వాత వెలిగింది.

"అంటే... ఆ స్క్రూ వదులు చేసింది..."

"మెట్ల మీద కూర్చుని, ప్రతిసారీ, నేనే. మొద్దబ్బాయీ అని మీ అమ్మగారు అంటుంటే మెట్లదాకా వినిపిస్తుందిలే."

తాళం తిరిగింది, లిఫ్టు కిందికి దిగింది. తలుపు తెరుచుకునేసరికి కింద కండక్టరుగారు, టీచరమ్మ, కుట్టుపని వదిలి పరుగెత్తుకొచ్చిన అబ్బాయి అమ్మ, ఎప్పుడూ తలుపులు వేసుకునే ఇళ్ళవాళ్ళంతా నిలబడి ఉన్నారు.

"అన్నయ్యగారూ, మావాడు లోపల ఏమైనా మాట్లాడాడంటారా?" అని అమ్మ గొణుగుతోంది.

కూతురు తండ్రి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "నాన్నా, స్టాపు వచ్చింది. ఇప్పుడు కేకెయ్యి."

కండక్టరుగారు నోరు తెరిచారు. వేల మందిని దింపిన ఆ గొంతులోంచి చిన్న గాలి తప్ప ఏమీ రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చివరకు అబ్బాయి చెయ్యి పట్టుకుని, పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా అన్నారు.

"లోపలికి రా నాయనా. మా ఇంట్లో ఖాళీ ఉంది."

ఇందులో నేను కల్పించింది ఏదా అని మీరు వెతుకుతుంటారు. వాన అనుకుంటారేమో, వాన నిజంగానే కురిసింది. కల్పించింది ఒక్కటే. అబ్బాయి ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు అన్నాను కదా, నాలుగు కాదు, మూడే. ఏం చేయను, కథ చెబుతూ చెబుతూ ఉండేసరికి నాకూ సొంతవాడైపోయాడు.