ఐదో ముక్క

1988 ఫిబ్రవరి 9. ఆ మధ్యాహ్నం ఏజెంట్ రాజం తిన్నది రెండు జొన్నరొట్టెలు, మక్సూదా పంపిన పుల్లటి పప్పు, ఖట్టీ దాల్. టిఫిన్ అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్ ఉంది. అందులో చీఫ్ గొంతు పలికింది.

"గని ల్యాంప్‌రూంలో టైంబాంబు. మూడింటికి పేలుతుంది. అప్పుడు సెకండ్ షిఫ్టువాళ్లు రెండువందల మంది దీపాల కోసం క్యూలో ఉంటారు. జనాన్ని కదిలిస్తే ముఠా రిమోట్ నొక్కేస్తుంది. పన్నెండు ర్యాకుల్లో బాంబు దేంట్లో ఉందో తెలియాలి. దాన్ని తీసే మన సదయ్య లోపలే ఉన్నాడు."

"నంబరు?"

"పేకముక్క మీద. మక్సూదా తెస్తుంది. పనయ్యాక ఆమెకు కొత్త పేరిచ్చి పంపిస్తాం."

రాజం నవ్వుకున్నాడు. ఆ మాట తను ముందే చెబితే మక్సూదా అంది: "కొత్త పేరెందుకు సాబ్? మీ ఇంటిపేరు చాలదా?"

మక్సూదా విదేశీ ముఠా నాయకుడు విక్టర్‌కి సెక్రటరీ. షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు. మూడు నెలలుగా మన మనిషి. రాజం బసంత్‌నగర్ సిమెంట్ డీలర్ వేషంలో రోజూ గెస్ట్‌హౌస్‌లో విక్టర్‌తో పేకాడుతున్నాడు.

"ఎప్పుడూ గోడకాడి కుర్చేనా? కొత్త అల్లుడి లెక్క!" అని ఆమె ఎగతాళి చేస్తే, కిందటి వారమే రాజం ఒక కథ చెప్పాడు.

"అమెరికాల ఒక తుపాకి మొనగాడు ఉండెనట. ఎన్నడూ తలుపుకు వీపు పెట్టకపోతుండె. ఒక్కనాడు గోడకాడి కుర్చీ దొరకలె. రెండుసార్లు అడిగినా అండ్ల కూసున్నోడు లేవలె. ఎనకనుంచి కాల్చిండ్రు. చేతిల నల్ల ఆసులు రెండు, నల్ల ఎనిమిదులు రెండు. ఐదో ముక్క ఏందో ఎవరికీ తెల్వది."

మక్సూదా నల్లకళ్లద్దాలు తీసింది. "ఆ లేవనోడు తర్వాత ఎట్ల నిద్రపోయిండో సాబ్!"

రెండూ నలభై ఐదు. గోడకాడి కుర్చీలో మక్సూదా ఉంది. అది విక్టర్ ఆర్డర్ అని రాజానికి తరవాత తెలిసింది. విక్టర్ అనుమానం రాజం మీద పడింది; ఈసారి అతని వీపు తలుపు వైపు ఉండాలనుకున్నాడు.

రాజాన్ని చూడగానే ఆమె లేచింది. "గీడ కూసోండ్రి. ఫ్యాన్ గాలి నాకు పడ్తలేదు." పక్కనుంచి వెళ్తూ అతని జేబులో ఏదో జారవిడిచింది.

విక్టర్ మొహం నల్లబడింది. ముక్కలు పంచాడు. రాజం నాలుగు ముక్కలెత్తి చూశాడు: నల్ల ఆసులు రెండు, నల్ల ఎనిమిదులు రెండు.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో విక్టర్ మనిషి; అతని పిస్తోలు గోడ వైపు తిరిగింది.

మక్సూదా మళ్లీ లేచింది, అడ్డంగా.

మొదటి తూటా ఆమెకు తగిలింది. రెండో తూటా రాజంది. తలుపులో మనిషి కూలాడు. రాజం విక్టర్ చేతిని టేబుల్ కాలికి బేడీతో బిగించి, జేబులో ఆమె వేసిన ముక్క తీశాడు. డైమన్ తొమ్మిది. టిఫిన్ గిన్నెలోని ట్రాన్స్‌మిటర్ అందుకున్నాడు.

"సదయ్యా, తొమ్మిదో ర్యాకు! జల్ది!"

రెండూ యాభై తొమ్మిదికి జవాబొచ్చింది: "వైరు తెంపిన, అన్నా. క్యూ నడుస్తుంది."

ఆ జవాబు విన్నాకే మక్సూదా ప్రాణం పోయింది. అంతమాత్రం దయ దక్కింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఎవిడెన్స్ లిస్టులో నీ చేతి నాలుగు ముక్కలే ఉన్నాయి. ఐదోది, మక్సూదా తెచ్చిన ముక్క లేదేం?"

రాజం జేబులో డైమన్ తొమ్మిదిని తడుముకున్నాడు. "అది ఎవరికీ తెలియదు సర్. కథే అంత."

ఊడ్చే సమ్మవ్వ గుమ్మంలో నిలబడింది. "ఆ అమ్మ కూసున్న కుర్చీ గోడకు జరపాల్నా కొడుకా?"

"వద్దవ్వ. అట్లనే ఉండనీ."

సమ్మవ్వ దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.