అవ్వ చేతిలో ఐఫోన్

సిమ్ ట్రే తెరిచే పిన్ను దొరకలేదు. అక్షయ తన చెవికమ్మ తీసి దాని కొనతో గుచ్చింది. ట్రే టక్కున బయటికొచ్చింది.

అది దయాకర్ బాబాయి వాడిన ఐఫోన్. ఆయన కొత్తది కొనుక్కుని, దీన్ని మొగుళ్లపల్లిలో అక్షయ వాళ్లింట్లో వదిలి వెళ్లాడు.

బడిలో రాకేశ్‌కూ అక్షయకూ ఈమధ్య ఒకటే వాదన. ఆండ్రాయిడే సులువని వాడు, ఐఫోనే సులువని తను. "మా అవ్వ గూడ వాడుతది, చూస్కో" అని శనివారం అనేసింది. అన్నాక ఊరుకుంటుందా? ఆదివారం పొద్దున్నే అవ్వ పాత ఫోన్‌లోని సిమ్ తీసి ఐఫోన్‌లో వేసింది.

అవ్వకు చదువు రాదు. అందుకే ఆ పాత ఫోన్ తెర నిండా బొమ్మలుండేవి. బొమ్మ నొక్కితే ఆ మనిషికి ఫోన్ వెళ్తుంది. పాలాయనకు బర్రె, పెద్ద కూతురికి గాజులు, నాట్లు వేసే ఉమకు నారు కట్ట. అక్షయకు అదంతా గజిబిజిగా కనిపించేది. ఐఫోన్‌లో పేర్లు ముచ్చటగా రాసి పెట్టింది.

"ఇగో అవ్వా, ఫోనొస్తే గిట్ల పక్కకు జరుపాలె."

"మంచిగున్నది బిడ్డా" అంది అవ్వ కమలాదేవి. మనవరాలి సంబరం చూసి ఇంకేమీ అడగలేదు. అక్షయ ఆటకు పరుగెత్తింది.

అమ్మానాన్నలు జనగామలో పెళ్లికి వెళ్లారు. వరి నాట్ల పని అవ్వకు అప్పజెప్పారు. నారు అప్పటికే ముదురుతోంది. ఇంకా ఆలస్యమైతే పంట తగ్గుతుంది.

నాటు వేసే ఆడవాళ్ల గుంపుకు ఉమ పెద్ద. ఆమెది పక్క ఊరు. నాటుకు ముందురోజు రైతుకు ఫోన్ చేస్తుంది. ఎత్తితే పొలం తయారైనట్టు. కట్ చేస్తే ఇంకా కాలేదని లెక్క. అప్పుడు గుంపు వేరే పొలానికి వెళ్తుంది. ఆ చుట్టుపక్కల రైతులందరికీ ఇది తెలుసు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవ్వ పాత ఫోన్ అలవాటు కొద్దీ తెరను పైకి తోసింది. ఫోన్ లేవలేదు. మళ్లీ తోసింది. కంగారులో పక్కనున్న బటన్ రెండుసార్లు నొక్కింది. ఫోన్ కట్ అయింది. తిరిగి చేద్దామంటే నారు కట్ట బొమ్మ లేదు. అన్నీ అక్షరాలే.

సాయంత్రం అక్షయ వచ్చేసరికి అవ్వ గడప మీద కూర్చుని ఉంది.

"ఉమ ఫోన్ చేసింది బిడ్డా. నాకు ఎత్తరాలే. మొద్దు చేతులు నావి."

అవ్వ తిట్టినా బాగుండేది. అక్షయకు ఏడుపొచ్చింది. గబగబా ఉమకు ఫోన్ చేసింది.

"కట్ చేసిండ్రు గదా, పొలం కాలేదనుకున్న" అంది ఉమ నొచ్చుకుంటూ. "సక్రు కాక పొలానికి వస్తమని మాటిచ్చిన. రెండు రోజులు ఆడనే పని. ఇప్పుడు రానంటే ఆయన పరేషాన్ అయితడు. మంగళవారం ఫోన్ చేస్త."

సంగతి విని అవ్వ నిట్టూర్చింది. "రెండు రోజులా? నారు ఎట్లుంటదో ఏమో."

"నీ చేతులు మంచిగనే ఉన్నయి అవ్వా" అంది అక్షయ. "నిన్ను అడగకుంట నేనే మార్చిన. తప్పు నాది."

సిమ్ తీసి పాత ఫోన్‌లో వేయబోయి ఆగింది. రెండు ఫోన్లూ అవ్వ ముందు పెట్టింది.

"నీకేది కావాలె?"

అవ్వ వెంటనే పాతదాన్ని తీసుకుంది. తర్వాత ఐఫోన్ వైపు చూసింది. "దీంట్ల ఫొటోలు మంచిగ పడతయి. గిదాన్ని గూడ ఉండనియ్యి" అంది.

సోమవారం బడి గేటు దగ్గరే రాకేశ్ పట్టుకున్నాడు. "ఏం తేలింది? ఏ ఫోన్ సులువు?"

"ఎవలకు?" అడిగింది అక్షయ.



మంగళవారం సాయంత్రం అవ్వ గిన్నెలు తోముతుండగా పాత ఫోన్ మోగింది. అక్షయ చెయ్యి దానికోసం ముందుకు పోయింది. మళ్లీ వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

అవ్వ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. ఫోన్ మోగుతూనే ఉంది. అక్షయ కదల్లేదు.

అవ్వ తెరను పైకి తోసింది.

"ఆ, ఉమా. పొలం తయారున్నది. పొద్దుగాల రాండ్రి."