షార్జా పది, పాలకొల్లు పది

షార్జా నుంచి హైదరాబాదు ఎంత దూరమో, విమానం ఎంతసేపు ఎగురుతుందో నన్నడగండి, చెబుతాను. రెండువేల అయిదువందల కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిలో నలభైసార్లు తిరిగినవాణ్ణి. ఏ మబ్బు దగ్గర విమానం మలుపు తిరుగుతుందో కూడా తెలుసు.

మా దేవేందర్‌కు మాత్రం తెలియదు. జగిత్యాల పక్క పల్లెవాడు, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్. రేకు కోసుకున్న వేలితో పక్కనే ఉన్న అజ్మాన్ క్లినిక్‌కు వెళితే, "ఇంత మనిషి సూదికి కళ్ళు మూసుకుంటారేంటండీ?" అని నర్సు హెప్సీ నవ్వింది. కుట్లు విప్పి నాలుగు నెలలైనా అతను క్లినిక్ దారి మానలేదు. "సిస్టర్" అనడం మాత్రం మానేశాడు.

హెప్సీ సెలవు మీద పాలకొల్లు వెళ్ళే రోజు, ఎయిర్‌పోర్టులో ఆమె టికెట్ చూసి అతని మొహం వాడిపోయింది.

"పొద్దుగాల పదింటికి ఎక్కితే హైదరాబాద్‌ల మూడుంబావుకు దిగుడా? అయిదుంబావు గంటలు! వచ్చేటప్పుడేమో నాలుగింటికి ఎక్కి ఆరున్నరకే ఈడ దిగుతవు. పోవుడు కష్టం, నా దగ్గరికి వచ్చుడు అల్కగ!"

"అబ్బా, ఏం తెలివండీ! అక్కడి గడియారం ఇక్కడికంటే గంటన్నర ముందుంటుంది. ఎటెళ్ళినా దాదాపు నాలుగు గంటలే."

"నాకైతే నువ్వు పోవుడే దూరం."

ఈసారి ఆమె నవ్వలేదు. "శనివారం నన్ను చూసుకోడానికి వస్తున్నారు. నాన్నగారికి మీ సంగతి చెప్పాను. ఆ రోజు మా ఊరి టైము పదింటికి ఫోన్ చెయ్యమన్నారు. నన్ను మీకు గుర్తు చెయ్యొద్దన్నారు. మాట మీద నిలబడతారో లేదో చూస్తారట. చేస్తారా?"

"ఖలాస్, పక్కా! చేస్త!"

శనివారం దేవేందర్ అట్టపెట్టె ముక్క మీద మార్కర్‌తో లెక్క వేశాడు. అక్కడ గంటన్నర ముందు. పదికి గంటన్నర కలిపితే పదకొండున్నర. తోటి మెకానిక్ మల్లేశ్ కూడా చూసి, "సహీ ఉంది, యల్లా, కానియ్యి!" అన్నాడు. తీసేయాల్సింది కలిపామని ఇద్దరికీ తట్టలేదు.

నన్నడిగినా కలిపేవాణ్ణే లెండి. నలభైసార్లన్నాను గానీ నేను విమానం ఎక్కింది రెండేసార్లు. పోతూ భయంతో కళ్ళు మూసుకున్నాను, వస్తూ నిద్రపోయాను.

పదకొండున్నరకు దేవేందర్ షెడ్డు బయట ఎండలోకి వచ్చి ఫోన్ చేశాడు. పాలకొల్లులో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట.

"నమస్తే సార్, నేను దేవేందర్‌ను. చెప్పినట్టే పదింటికి చేసిన."

"వాళ్ళు వచ్చి, కాఫీ తాగి వెళ్ళిపోయారు బాబూ" అన్నారు హెప్సీ తండ్రి దయారత్నం. "పదింటి నుంచీ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను."

అట్టముక్క చేతిలోంచి జారిపోయింది. నెట్‌వర్క్ లేదని చెప్పబోయి దేవేందర్ ఆగిపోయాడు.

"లెక్క నేనే తప్పిన సార్. ఉల్టా కలిపిన. మూడు గంటలు మిమ్మల్ని కూసోబెట్టిన. ఇగ ఏం చెప్పినా ఆలస్యమే. గని హెప్సీ అంటే నాకు పానం సార్."

దయారత్నం గారు పకపకా నవ్వారు.

"అమ్మాయి వాళ్ళముందు కూర్చోనే లేదు. 'ఆయన చేస్తారు నాన్నా, ఎక్కడో లెక్క తప్పుంటారు' అని గుమ్మంలోనే నిలబడింది. బాబూ, మీ పండగలు వేరు, మా ప్రార్థనలు వేరు. అవి ఫోన్లో తేలేవి కావు. మీ పెద్దవాళ్ళని తీసుకుని రా."

వెనకనుంచి హెప్సీ గొంతు వినబడింది: "బయల్దేరే టైము మాత్రం నేను చెబుతానని చెప్పు నాన్నా!"

ఇదంతా నిజమే. పెద్దాయన పకపకా నవ్వారన్నది మాత్రం నా కల్పన. ఆయన నవ్వలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. లైను తెగిందేమోనని దేవేందర్ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని, ఆ ఎండలో అలాగే నిలబడ్డాడట. ఆ తర్వాతే రమ్మన్నారు.