జనవరి కార్డులో కాలిన కాలు

సలీమా నవల రాసుకున్న మూడు నోటు పుస్తకాలు మంగళవారం ఉదయం తొమ్మిదింటికి లైబ్రరీ బీరువాలో లేవు. సోమవారం సాయంత్రం ఆరింటికి ఉన్నాయి. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

కరకోల్ ఊళ్లో గుర్రాలు పోయాయి, కార్లు పోయాయి. నవల పోవడం ఇదే మొదలు.

పోలీసు కెప్టెన్ బురుల్‌సున్ పదిన్నరకి వచ్చింది. బీరువా చూసింది. తర్వాత సలీమాని చూసింది. అరవై రెండేళ్ల మనిషి. ఉన్ని తివాచీలు కుట్టీ కుట్టీ వేళ్లు గట్టిపడ్డాయి. కంట్లో చుక్క నీరు లేదు. కోపం మాత్రం బోలెడుంది.

"తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి?"

"నా దగ్గరొకటి. కుబానిచ్ మాస్టారి దగ్గరొకటి" అంది లైబ్రేరియన్ జమీరా. "ఆయన ఇక్కడే నవల రాయడం నేర్పుతాడు. నవలల పోటీకి ఎంట్రీలు తీసుకునేది నేనే. నిన్న ఆయన తనది టైప్ చేసి ఇచ్చాడు. చదివితే అచ్చం సలీమక్క కథే."

"ఆయనకి నీ కథ ఎలా తెలుసక్కా?" అని కెప్టెన్ సలీమాని అడిగింది.

"ఆగస్టులో దిద్దమని నేనే ఇచ్చా తల్లీ. నెలంతా ఉంచుకున్నాడు. అక్షరదోషం ఒక్కటీ దిద్దలేదు."

పోటీ గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు. గెలిచిన నవల అచ్చవుతుంది. నవలతోపాటు దాని ప్లాన్ కూడా జతచేయాలని నిబంధన.

కుబానిచ్ పదకొండుకి వచ్చాడు. ఇరవై నాలుగు కార్డులు బల్లమీద పరిచాడు. పక్కన నవల రాయడం నేర్పే గైడు పెట్టాడు.

"గైడు ప్రకారం ముందు పాత్రల కార్డులు, తర్వాత ప్లాట్, ఆ తర్వాతే రాత. తేదీలు చూడండి కెప్టెన్ గారూ. అన్నీ జనవరి పది. క్లాసులో నేను చెప్పిన కథ విని ఈవిడ రాసుకుంది. కాదంటే ఈవిడ ప్లాన్ చూపించమనండి."

"ఇంట్లో నేల మీద పరిచి ఉంది" అంది సలీమా.

కుబానిచ్ నవ్వాడు. "కాగితం మీద ఉండాలమ్మా. వంటింట్లో కాదు."

కెప్టెన్ నవ్వలేదు. కార్డులన్నీ ఫొటోలు తీసుకుంది.

మధ్యాహ్నం సలీమా ఇంట్లో టీ, బోర్సోక్‌లనే వేయించిన పిండిముక్కలు పెట్టారు. నేల మీద షిర్దాక్ పరిచి ఉంది. తెలుపూ ఎరుపూ ఉన్ని ముక్కలు కత్తిరించి కుట్టిన తివాచీ. ఇరవై నాలుగు కొమ్ముల బొమ్మలు.

"ఒక్కో బొమ్మ ఒక్కో అధ్యాయం" అంది సలీమా. "ఆ గైడు నేనూ చదివా. మంచిదే. పాత్ర దేనికి భయపడుతుందని అడుగుతుంది. ఆ ప్రశ్న నేను తివాచీలకి మరిగే నీళ్లతో ఉన్ని తడిపే ఆడవాళ్లని అడిగేదాన్ని. వాళ్లు ఏది ఒప్పుకుంటే అది బొమ్మగా కత్తిరించేదాన్ని."

కెప్టెన్ మోకాళ్ల మీద వంగింది. పదిహేడో బొమ్మలో ఎడమ కొమ్ము మిగతావాటికంటే పొట్టి. అక్కడి ఉన్ని కొత్తది, ఇంకా తెల్లగా ఉంది.

"ఇదెందుకు మార్చావు?"

సలీమా మూలన కూర్చున్న పక్కింటి కలీస్పాని చూపించింది. కలీస్పా మేజోడు విప్పింది. ఎడమ పాదం మీద కాలిన మచ్చ. రెండు వేళ్లు ముడుచుకుపోయాయి.

కెప్టెన్ ఫోన్ తీసి ఒక ఫొటో పెద్దది చేసి చూసింది. టీ అలాగే వదిలేసి లేచింది. "ఆస్పత్రి చీటీ ఉందా పెద్దమ్మా? తీసుకుని నాతో రా. అక్కా, తివాచీ చుట్టు."

నాలుగూ నలభైకి అందరూ లైబ్రరీలో ఉన్నారు.

"మాస్టారూ, గుర్రాల దొంగ జానిబెక్ కార్డు చదవండి."

"కోరిక: తెల్ల గుర్రం. భయం: తల్లి శాపం. లోపం: ఎడమ కాలు కుంటు."

"కారణం?"

కుబానిచ్ కింది వరుస చదివాడు. "ఉన్ని తడుపుతుండగా కెటిల్ పిడి ఊడింది. మరిగే నీళ్లు పడ్డాయి. రెండు వేళ్లు ముడుచుకుపోయాయి."

కలీస్పా మేజోడు విప్పి కాలు కుర్చీ మీద పెట్టింది.

"జూన్ పద్నాలుగున సలీమా వాకిట్లో కాలింది నాయనా. కెటిల్ పిడే ఊడింది. కథలో ఆ దొంగవెధవకి ఒక నొప్పి కావాలని సలీమా వెతుక్కుంటుంటే నాదే పెట్టుకోమన్నా. నా కాలు నీ జనవరిలో ఎలా కాలింది?"



కెప్టెన్ ఆస్పత్రి చీటీ బల్లమీద పెట్టింది. "పొద్దుట్నుంచీ అందరం కార్డుల మీద తేదీలే చూశాం. కార్డులో ఏముందో చూడలేదు. మీరు ప్లాన్ వేసి నవల రాయలేదు. ఆవిడ నవల చూసి ప్లాన్ రాశారు. పాత తేదీ వేశారు. ఇవాళ ఆవిడ కూడా ఎంట్రీ ఇస్తుందని తెలిసి పుస్తకాలు తీశారు. ఎక్కడ?"

కుబానిచ్ తన బల్ల సొరుగు తాళం తీశాడు. మూడు నోటు పుస్తకాలూ అక్కడే ఉన్నాయి.

"రాసిందైతే ఆవిడే" అన్నాడు. "కానీ పద్ధతి లేకుండా రాస్తే దాన్ని నవలంటారా?"

"నీకు పద్ధతుంది" అంది సలీమా. "మరి నా కథెందుకయ్యా?"

కెప్టెన్ అతన్ని జీపు దగ్గరికి నడిపించింది.

నాలుగూ యాభై రెండు. సలీమా నోటు పుస్తకాలు కౌంటర్ మీద పెట్టింది. తివాచీని ఎత్తి వాటి పక్కన ధబ్బున పడేసింది. దుమ్ము లేచింది.

"ఇది నవల. ఇది ప్లాన్."

జమీరా నిబంధనల కాగితం తిరగేసింది. "అక్కా, ప్లాన్ కవర్లో పట్టాలని ఉంది."

"అయితే పెద్ద కవరు తెప్పించు" అంది సలీమా. కుర్చీ లాక్కుని, కౌంటర్‌కి ఎదురుగా కూర్చుంది. "ఇంకా ఎనిమిది నిమిషాలుంది."