స్టోరమ్మ డబ్బాలో తేలిక ఫ్యూజులు

గుమ్మం దాటుతూనే ఆమె వంగి, నేలమీద పడి ఉన్న వంకర గుండుసూదిని తీసి, వేళ్ళతో సరిచేసి, డిటెక్టివు బల్లమీద పెట్టింది. ఆ తర్వాతే కుర్చీలో కూలబడి కళ్ళొత్తుకుంది.

"నన్ను దొంగనంటున్నారండీ! రేపటికల్లా నిజం తేలకపోతే పోలీసులకు అప్పగిస్తామన్నారు మేనేజరుగారు."

ఆమె ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తుంది. పదహారేళ్ళ కొలువు. అందరూ స్టోరమ్మ అంటారు. మొన్న పొద్దున కరెంటు పరీక్షించే మీటరుకు ఫ్యూజు కావాలని ఎలక్ట్రీషియను వస్తే తన చేత్తోనే ఇచ్చింది. గంట తిరక్కుండా ఆ మీటరు పెద్ద ప్యానెలు దగ్గర అతని చేతిలో బాంబులా పేలి, అరచెయ్యి కాలిపోయింది. చూస్తే ఆ ఫ్యూజు నకిలీది. అసలువి బయట అమ్ముకుని నకిలీలు పెట్టిందని ఆమె మీద నింద.

డిటెక్టివు పక్కనే అతని బావమరిది కూర్చున్నాడు. పోస్టాఫీసులో ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు తూచి రిటైరైన మనిషి. బావ తెలివికి లోలోపల దండం పెట్టుకుంటాడు గానీ పైకి ఒప్పుకోడు.

"కేసు అరటిపండు ఒలిచినట్టుంది కదా బావా?"

"అరటిపండు కాదు, ఉల్లిపాయ. నీ త్రాసు తీసుకో బామ్మర్దీ, పద."

స్టోర్సులో తాళం వేసిన డబ్బాలో పది ఫ్యూజులున్నాయి. చూడ్డానికి అన్నీ అచ్చు గుద్దినట్టే ఉన్నాయి. బావమరిది ఒక్కొక్కటే తూచాడు. ఎనిమిది సమానంగా తూగాయి. రెండు మాత్రం బాగా తేలిక.

డిటెక్టివు ఒక బరువైనదాన్నీ, ఒక తేలికదాన్నీ రంపంతో కోశాడు. మొదటిదాంట్లోంచి సన్నని ఇసుక జలజలా రాలింది. రెండోదాంట్లో ఒంటరి తీగ తప్ప ఏమీ లేదు.

"ఈ ఇసుకే మనిషికి కాపలా. తీగ కరిగినప్పుడు లేచే మంటను ఇది మింగేస్తుంది. ఇది లేకపోతే ఆ మంట మీటరును చీల్చుకుని బయటికొస్తుంది."

దుకాణం నుంచి వచ్చి ఇంకా సీలు విప్పని పెట్టెలు విప్పి తూచారు. అన్నీ బరువే. డబ్బా తాళంచెవి ఒక్క స్టోరమ్మ దగ్గరే ఉంటుంది.

"ఇంకేం, దొంగ దొరికినట్టేగా!" అన్నాడు మేనేజరు.

బావమరిది కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. దుకాణం మంచిదే, పెట్టెలు మంచివే. ఆమె ముఖం చూస్తే దొంగ ముఖం కాదు. మరి ఆ తేలికవి ఎలా దూరాయి?

"ఫ్యూజు అడిగితే ఎలా ఇస్తారమ్మా?" అని అడిగాడు డిటెక్టివు.

"కాలిన పాతది తెస్తేనే కొత్తదండి. అది మేనేజరుగారి రూలు. కళ్ళకు రక్షణగా అద్దాలు పెట్టుకుంటేనే ఇస్తాననేది నా రూలు. నసమ్మ అని వెనకాల నవ్వుకుంటారు."

"ఈ ఏడు ఎన్నిచ్చారు?"

"ఇరవై. పాతవి ఇరవయ్యీ తిరిగొచ్చాయి."

చెత్త డబ్బా బోర్లిస్తే పదిహేడే రాలాయి. బావమరిది మూడుసార్లు లెక్కపెట్టాడు.

"చచ్చిన ఫ్యూజులు ఎవడు దొంగిలిస్తాడు బావా? నాకు మతిపోతోంది."

"ఉన్నదే కాస్త, పోనివ్వకు. అందర్నీ పిలువు."

ఎలక్ట్రీషియను కట్టు కట్టిన చేత్తో వచ్చి కూర్చున్నాడు. డిటెక్టివు మొదలుపెట్టాడు.

"పాతవి మూడు తక్కువ. నకిలీలు మూడు, పేలిందొకటి, ఇక్కడ దొరికినవి రెండు. ఆ మూడూ ఈ మూడే. అమ్మా, పాతది చేతికి రాగానే ఏం చేస్తారు?"

"బల్లమీది మీటరు పెట్టి చూస్తానండి. లోపల తీగ తెగి మోగకపోతే చెత్తలో వేస్తాను."

"మోగితే?"

ఆమె ముఖం పాలిపోయింది. "మోగేదాన్ని పారేస్తామా అండీ? తుడిచి... మళ్ళీ డబ్బాలోనే..."

"వంకర గుండుసూదిని కూడా పారెయ్యని చెయ్యి మరి!"

"కాలిన ఫ్యూజు మోగడమేమిటండీ?" అన్నాడు మేనేజరు.

"మోగదు. కాలిన ఫ్యూజు పోగొట్టుకున్నవాడెవరో దాని బదులు ఇంకోటి తెచ్చిచ్చాడు."

ఎలక్ట్రీషియను తల వంచుకున్నాడు.

"నేనేనండీ. విప్పేటప్పుడు జారి ప్యానెల్లో పడిపోయేవి. పాతది లేనిదే కొత్తదివ్వరు. పని ఆగితే మేనేజరుగారు చీల్చి చెండాడతారు. అందుకని రోడ్డు పక్క చవగ్గా మూడు కొన్నా. చెత్తలోకి పోయేవేగా, ఎలా ఉంటేనేం అనుకున్నా. మొన్న మీటరు తీగ కరెంటు కొలిచే రంధ్రంలోనే మరిచిపోయి లైనుకు తగిలించా, మీటరులోనే షార్టయింది. అక్కా, నేనిచ్చిందే నాకొచ్చిందా?"

"మరుపు మనిషికి సహజం. ఫ్యూజు పుట్టిందే దానికోసం," అన్నాడు డిటెక్టివు మెల్లగా.

మేనేజరు లేచి, గోడమీది 'పాతది తెస్తేనే కొత్తది' కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. "పోలీసుల మాట మరిచిపోమ్మా," అన్నాడు ఆమె ముఖం చూడలేక.

స్టోరమ్మకు ఊరట కలగలేదు. "దొంగను కాను సరే. కానీ ఇతని చెయ్యి కాల్చింది నా చెయ్యే కదండీ!"

ఎలక్ట్రీషియను ఎడమచేత్తో జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు. కరిగిన రాగి చింది, రెండు అద్దాల నిండా నల్లటి మచ్చలు.

"ఇవి పెట్టుకునేదాకా ఫ్యూజు ఇవ్వనని మొన్న కిటికీ మూసేశారు గుర్తుందా అక్కా? తిట్టుకుంటూ పెట్టుకున్నా. ఇప్పుడు మిమ్మల్ని చూస్తున్నానంటే ఆ నస వల్లే."

ఆమె ఆ అద్దాలను చాలాసేపు చేతిలో పట్టుకుంది. తర్వాత మిగిలిన తేలిక ఫ్యూజును మీటరుకు తగిలించింది. కుయ్‌మని మోగింది. దాన్ని నేలమీద పెట్టి సుత్తితో నుగ్గునుగ్గు చేసి, ఊడ్చి చెత్తలో వేసింది.

మోగే వస్తువును ఆమె పారెయ్యడం పదహారేళ్ళలో అదే మొదటిసారి.